లిమోన్ పగారెంత?

తెలుగు తెరకథా రచయితలకు భివండినుండి ఒక బహిరంగ లేఖ



మహారాష్ట్రమున ఠాణే జిల్లాలో, లక్షల సంఖ్యలో మరమగ్గములు రేయింబవళ్లు మ్రోయు భివండి యను పట్టణము కలదు. అందు పద్మనగరము, కామత్‌ఘర్ మొదలగు వాడలలో, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతములనుండి తాతముత్తాతల నాడు వలసవచ్చిన తెలుగు నేతగాండ్ర కుటుంబములు వేలకొలదిగా నివసించుచున్నవి. బయటివారికి మా ఊరి పేరు 1970, 1984 సంవత్సరములనాటి మతకలహముల వలననో, ఏదేని శిథిలభవనము కూలి జనులు మరణించిన దినమున పత్రికలు వ్రాయు వార్తల వలననో మాత్రమే తెలియవచ్చుచుండును. అట్టి ఊరినుండి ఒకడు, వయసంతయు నూలుకు గంజిపెట్టు సైజింగు కార్ఖానాలో లెక్కలు వ్రాసి ఇప్పుడు ఇంటిపట్టున కూర్చున్నవాడు, ఎక్కడనో కొలంబియా దేశమున పుట్టి గిట్టిన కొకెయిను వర్తకుని గూర్చి అమెరికా సంస్థయొకటి వెలువరించిన ధారావాహికలోని ఒకానొక భాగమును పురస్కరించుకొని మీకు ఉత్తరము వ్రాయుట విడ్డూరముగా తోచినను తోచవచ్చును. అయినను, తూర్పుకనుమల గంజాయి ఇదివరకే తెలుగు వెండితెర నెక్కినందునను, మత్తుపదార్థముల ముఠాలపై కథ లల్లుటకు మీలో మరికొందరు కాగితములు సిద్ధము చేసికొనియే యుందురని నమ్ముచున్నందునను, మీరు కలము పట్టుటకు ముందే మా ప్రేక్షకుల మాట మీ చెవిని వేయుట మేలని తలచితిని.

ఆ ధారావాహిక పేరు ‘నార్కోస్’. మెడెయిన్ నగరమునకు చెందిన పాబ్లో ఎస్కోబార్ ఉత్థానపతనములను చెప్పు ఈ కథ నెట్‌ఫ్లిక్స్ ద్వారా 2015 ఆగస్టు 28వ తేదీన మొదట వెలువడినది. రెండవ సంపుటము మరుసటి యేట సెప్టెంబరు 2వ తేదీన వచ్చినది. ఆ రెండవ సంపుటమున పదియవది, కడపటిది యగు భాగమును గూర్చియే నా ప్రసంగము. అది వెలువడిన రెండు నెలలకే పెద్దనోట్లు రద్దయినవి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినది. ఈ రెండు దెబ్బలకు తాళలేక చిన్నచిన్న సేఠులు తమ సాంచాలను, అనగా మరమగ్గములను, పాత ఇనుము క్రింద తూకమునకు అమ్ముకొనుచుండగా కథలు చూచు తీరిక మాకెవ్వరికిని లేకపోయెను. తీరిక 2020 మార్చి నెలాఖరున, కరోనా లాక్‌డౌను పేర, ఎవరును కోరని రూపమున వచ్చినది. సాంచాలు నిలిచిపోయి, పనివాండ్రు భోజనముచేయు బిస్సీలలో పొయ్యి ఆరిపోయి, సొంతఊరికి పోవ రైలులేక చిక్కుపడిన కుర్రవాండ్రు ఒక్క సెల్‌ఫోను చుట్టు నలుగురైదుగురు చేరి ఈ కథను ఆద్యంతము చూచిరి, మరల చూచిరి, తరువాత సాంచాలు కదలినను చూచుట మానలేదు. వారి వెనుక నిలుచుండి చూచిన పెద్దలలో నేనును ఒకడను.

చరిత్ర ఇట్లున్నది. జైలునుండి తప్పించుకొని పదునారు మాసములకుపైగా దాగుడుమూతలాడిన ఎస్కోబార్‌కు 1993 డిసెంబరు 1వ తేదీన నలువదినాలుగేండ్లు నిండినవి. ఆ మరునాడు మెడెయిన్ నగరములోని లాస్ ఒలీవోస్ అను మధ్యతరగతి వాడలో, కొడుకుతో ఫోనున మాటలాడుచుండగా ఆచూకి చిక్కి, కాళ్లకు చెప్పులైన లేక పెంకుల కప్పుమీద పరువెత్తుచు తూటాలకు కూలెను. ప్రాణము తీసిన తూటా ఎవరి తుపాకినుండి వెడలినదను వాదము నేటికిని తెగలేదు. ‘నార్కోస్’ ఈ వృత్తాంతమును త్వరపడక చెప్పినది. పుట్టిన దినమున అతడు ఊరిలోనికి పోయి ఐస్‌క్రీము తినును. తోటలో బల్లమీద కూర్చుండి, ఎన్నడో హతుడైన తన బంధువు గుస్తావో పక్కనే యున్నట్లు భ్రమించి ముచ్చటించును. అటుపిమ్మట ఆ కప్పు, ఆ పరుగు, ఆ మరణము. వేలమంది కిరాయి హంతకులను పోషించినవాని వెంట కడపట మిగిలినవాడు ఒక్కడే: లిమోన్ అను మారుపేరుగల డ్రైవరు. ఆ దినముననే వాడును చచ్చును. వాని చావునకు ఆ భాగమున దొరకినది బహు కొద్ది సమయము.

ఇక అభిప్రాయములు. పద్దెనిమిదింటికిని పాతికింటికిని నడుమనున్న మా కుర్రవాండ్రలో అధికసంఖ్యాకులు ఎస్కోబార్ పక్షమువారు. గాయపడి నేలనున్నవానిని దగ్గర నిలిచి కాల్చుట అన్యాయమని వారు కోపగించుకొనిరి. ఎదురుగ వచ్చి కొట్టవలసినదట. ఒకడు మూడుదినములు ముభావముగ నుండెను. ఇంకొకడు ఆ తోటలోని బల్లమీది బొమ్మను ఫోను తెరపై పెట్టుకొనెను. బ్రెజిలు దేశీయుడైన వాగ్నర్ మౌరా నటనను గూర్చి, అతడు ఈ పాత్రకై స్పానిషు భాష నేర్చి, శరీరము పెంచిన శ్రద్ధను గూర్చి, సినిమా చదువు చదివినవారివలె వారు తర్కించుకొనుట విని నేను ఆశ్చర్యపడితిని. రాత్రిపాలి దిగివచ్చి కన్నులు మండుచుండగా కెమెరా ఎటునుండి ఎటు కదలినదో పోట్లాడుకొను ఈ ప్రేక్షకులను తక్కువగ అంచనా వేసి కథలు వ్రాయువారు తప్పక నష్టపోదురు.

పెద్దలలో కొందరు భయపడిరి. ఇట్టి కథలు చూచి పిల్లలు చెడుదురనియు, వీనిని ప్రభుత్వము నిషేధించవలెననియు సంఘపు సమావేశమున ఒకరు గట్టిగా వాదించిరి. నేను ఆ పక్షమున చేరను. చెడువాని చూచి చెడుట యను దోషము పురాణకాలమునుండి కథలపై మోపబడుచునే యున్నది; రావణునికి వీధినాటకమున చప్పట్లు కొట్టినవారందరు పరస్త్రీలను చెరబట్టలేదు. పైగా మా ఊరిలో పిల్లవాడు మత్తుకు లోబడుటకు కారణములు వెదుకబోయిన, తెరదాక పోనవసరము లేదు. ఆ సంగతి తరువాత వ్రాసెదను.

ఇంట కండెలు చుట్టుకొని బ్రతుకు ఒక అవ్వ అభిప్రాయము వేరొక తీరున నుండెను. ఆ భాగమునకు ముందు జరిగినదొకటి ఆమె మనస్సున నిలిచిపోయినది: పరారిలో నున్న ఎస్కోబార్, చలికి వణకు కూతురిని వెచ్చబరచుటకై నోట్లకట్టలను మంటలో వేయుట. ఇది నిజముగ జరిగినదని అతని కుమారుడు లోకమునకు చెప్పియున్నాడు. కుర్రవాండ్రు ఆ ఘట్టమును తండ్రిప్రేమకు పరాకాష్ఠగా కొనియాడుచుండగా అవ్వ, “అంత పైసలుండి ఒక్క కట్టెలమోపు తెప్పియ్యలేకపాయెనా? ఒక్క నోటుకు బండెడు కట్టెలొచ్చుగదరా!” అని అడిగినది. బయటికి పోవుటకు మనుష్యులు లేరని వారు సమాధానము చెప్పిరి. “మనుషులే లేకపోతే గా పైసలెందుకు?” అని ఆమె మరల దారము పట్టినది. ఎనుబదియవ దశకమున లోకమునందలి అత్యంత ధనికుల పట్టికలలో స్థానము పొందిన ఎస్కోబార్ జీవితముపై ఇంత క్లుప్తమైన విమర్శను నేను మరెక్కడను చదువలేదు.

అయినను నన్ను ఈ లేఖకు పురికొల్పినది ఆమె మాట కాదు. మా వాడలో ముప్పదియేండ్లకు పైగా జాబరు పని, అనగా చెడిన సాంచాలను మరమ్మతుచేయు పని, చేయుచున్న నడివయస్కుడొకడు ఆ భాగము ముగిసి అందరును నిట్టూర్పులు విడుచుచుండగా ఇట్లనెను: “గిదంత మంచిగనే ఉన్నది గనీ, గా లిమోన్‌కు పగారెంత? ఆడు సచ్చినంక ఆని ఇంటోళ్లకు ఎవడన్న ఇచ్చిండా?”

అందరు నవ్విరి. నేనును నవ్వితిని. కాని ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచింపగా, పదేసి భాగములుగల రెండు సంపుటములలో ఈ ప్రశ్నకు సమాధానము లేదని స్ఫురించినది. ఎస్కోబార్ దినమునకు ఎన్ని లక్షల డాలర్లు గడించెనో, మయామీకి ఎగిరిన విమానములలో ఎన్ని కిలోల సరకు పట్టెనో చెప్పబడుచునే యుండును. ఆ సరకును మోసినవానికి, కాచినవానికి, కొండలలో కోకా ఆకు కోసి అమ్మినవానికి, అడవిలోని ప్రయోగశాలలో గాజుపాత్రలు కడిగినవానికి ఏ దినమున ఏమి ముట్టెనో ఒక్కచోటనైన లేదు. వారు తెరపైకి వచ్చుట చచ్చుటకు మాత్రమే.

ఈ ప్రశ్న జాబరుకే ఎందుకు తట్టినదో మీకు బోధపడవలెనన్న మా వ్యాపారపు పొందికను కొంత చెప్పక తప్పదు. మా ఊరిలో సాంచాలు ఒకరివి, నూలు ఒకరిది, చేతులు మరొకరివి. నూలు వర్తకుడు ముంబయిలోనో ఇక్కడి గద్దీ యను కొట్టులోనో కూర్చుండి పడుగు చుట్టిన బీములను, బానకు, అనగా పేకకు, వలయు నూలును పంపును. సాంచాల యజమాని, మేము సేఠు అని పిలుచువాడు, పిక్కుకు, అనగా పేకపోగుకు, ఇన్ని పైసల చొప్పున మజూరీకి ఒప్పుకొని గుడ్డ నేయించి ఇచ్చును. నేయువానికి మీటరులెక్కన పక్షమునకొక తడవ పగారు, అనగా కూలి. నాలుగేసి, ఆరేసి, కొన్నితావుల ఎనిమిదేసి సాంచాల నడుమ ఒక్కమనిషి పండ్రెండుగంటలు నిలుచుండి తిరుగవలెను. నూలు ధర పెరిగిన వర్తకుడు బీము పంపుట ఆపును. ఆపినందున అతనికి నష్టములేదు, మగ్గపువానికి కూలి లేదు. గుడ్డలో పోగు తప్పిన, మచ్చపడిన, టాకా, అనగా గుడ్డతాను, తిరిగివచ్చిన, ఆ కోత వర్తకునినుండి సేఠుకును, సేఠునుండి పనివానికిని దిగుచు దిగుచు వచ్చి, ఇంక దిగుటకు చోటులేనిచోట నిలుచును. లాభము పోవు దారి మాత్రము దీనికి ఎదురు. ఈ వ్యాపారమును నేను నేరముతో పోల్చుట లేదు. కాని నలుబదియేండ్లు ఈ లెక్కలే వ్రాసినవాడనగుటచే, కొకెయిను ముఠాను తెరపై చూచినప్పుడు నాకు గాని జాబరుకు గాని అందు వింత కనబడలేదు. నష్టము ఎవని నెత్తిన దిగునో, పట్టుబడిన కోత ఎవనికి పడునో తెలిసికొన గోరితిమి, అంతియే.

విచిత్రమేమనగా, ఈ లిమోన్ సంగతిని పట్టించుకొనిన ప్రేక్షకుడు లోకమున మరొకడున్నాడు. అతడు సాక్షాత్తు ఎస్కోబార్ కుమారుడు. సెబాస్టియన్ మరోకిన్ అను మారుపేరుతో అర్జెంటీనాలో వాస్తుశిల్పిగ జీవించుచున్నవాడు. రెండవ సంపుటము విడుదలయైన నెలలోనే అతడు ఇరువదియెనిమిది తప్పులను ఏకరువుపెట్టి ప్రకటించెను. కథలో లిమోన్ ఒక టాక్సీవాడు. పరిస్థితుల వలన ముఠాలో చిక్కుకొనినవాడు. అది తప్పని కుమారుడు వ్రాసెను. వాడు అప్పటికప్పుడు చేర్చుకొనబడినవాడు కాడట, తన పెదతండ్రి రొబెర్తో యొద్ద ఏండ్లతరబడి బండి నడిపినవాడట. అనగా ఏండ్లతరబడి కొలువుచేసిన నౌకరును కథారచయితలు కొత్తవానిగ మార్చివేసిరి! నాటకీయతకై అట్లు చేయుట రచయితల హక్కని నేను ఒప్పుకొందును. అయినను, యజమాని బిడ్డకైనను నౌకరు కొలువు జ్ఞాపకమున్నదే యని జాబరుకు చెప్పితిని. “పగారు చెప్పిండా?” అని అతడడిగెను. చెప్పలేదు.

కొలంబియా ప్రజల అభిప్రాయములు ఇంకొకవిధముగ నుండినవి. తమ నాయకుడో ప్రతినాయకుడో ఎవడైనను, మెడెయిన్ యాస పలుకవలసినవాడు బ్రెజిలువాని నాలుకతో పలుకుట వారికి కర్ణకఠోరముగ నుండెను. అంతకుమించి, తమ దేశపు విషాదమును ఒక అమెరికా మాదకద్రవ్య నిరోధక అధికారి గొంతున ఆద్యంతము చెప్పించుట వారిలో పలువురను నొప్పించినది. దీనిని నేను సులభముగ గ్రహింపగలను. భివండిని గూర్చి భివండివాడు తప్ప తక్కినవారందరు వ్రాసినదానిని చదువుచు పెరిగినవాడను. ఆ దేశమువారు ‘నార్కోస్’ కంటె ముందుగనే, 2012లో, ఎస్కోబార్‌పై తమదైన ధారావాహిక నొకదానిని కరకోల్ టెలివిజనులో నడిపిరి. దానిని తలపెట్టినవారిలో ఒకడు కమీలో కానో. అతని తండ్రి గియెర్మో కానో ‘ఎల్ ఎస్పెక్తదోర్’ పత్రికా సంపాదకుడై, ముఠాను గూర్చి నిర్భయముగ వ్రాసిన పాపమునకు 1986 డిసెంబరు 17వ తేదీన కార్యాలయము వాకిటనే హతుడయ్యెను. రెండవ వ్యక్తి హువానా ఉరీబే. 1989 ఆగస్టు 18వ తేదీన ఎన్నికల సభలో కాల్చబడిన లూయిస్ కార్లోస్ గలాన్‌కు బంధువు, ముఠా చెరపట్టిన పత్రికారచయిత్రి మరూహా పచోన్‌కు కుమార్తె. చచ్చినవారి ఇండ్లనుండి బయలుదేరిన కథ యగుటచే అందు చచ్చినవారికి పేర్లున్నవి, వృత్తులున్నవి, భోజనముచేయు బల్లలున్నవి. 1989 నవంబరు 27వ తేదీన ఆకాశమున బాంబుపేలి, ప్రయాణికులు సిబ్బంది కలిసి నూటయేడుగురితో కూలిన ఆవియాంకా విమానము ఎస్కోబార్ చరిత్రలో ఒక ఘట్టము. ఆ నూటయేడిండ్లలో అదియే చరిత్రయంతయు. మెడెయిన్ నగరపాలకులు ఎస్కోబార్ కుటుంబముండిన మొనాకో భవనమును 2019 ఫిబ్రవరి 22వ తేదీన నేలమట్టముచేసి హతుల స్మారకమునకు చోటు కల్పించుట కూడ, కథలు చూచి తీర్థయాత్రకువలె వచ్చు విదేశీయుల తాకిడికి వారిచ్చిన జవాబే యని నా తలంపు.

మా పిల్లలు మత్తుకు లోబడు సంగతి తరువాత వ్రాసెదనంటిని. మా ఊరికి కొకెయిను రాదు. దానిని కొనగల కూలి ఇక్కడ లేదు. వచ్చునవి వేరు: కోడీను కలిసిన దగ్గుమందు సీసాలు, నిద్రమాత్రలు, తూర్పుకనుమలనుండి దిగు గంజాయి, చేతిలో కొంచెము కాసు లాడువారికి ఎం.డి. యని పిలువబడు మెఫెడ్రోను. పండ్రెండుగంటల రాత్రిపాలిలో కన్ను మూయకుండుటకు ఒకటి. తెల్లవారిన పిమ్మట, ఒకే పరుపును రాత్రివారు పగలు, పగటివారు రాత్రి వాడుకొను ఇరుకుగదిలో, గోడకావల సాంచాలు మ్రోగుచుండగా కన్ను మూతపడుటకు మరియొకటి. ఇందు విలాసము లేదు, తిరుగుబాటు లేదు, మీ తెరలపై మెరయు విందుగృహములు లేవు. తెలంగాణమున కల్లుపేర అల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేటు కలిపిన నీళ్లు త్రాగుటకు మరగిన పేదలు, 2015 సెప్టెంబరులో అధికారులు ఆ కల్తీని అరికట్టగానే పిచ్చిచేష్టలతో, మూర్ఛలతో నిజామాబాదు మొదలగు తావుల ఆసుపత్రులకు చేరిన వైనము మీకు జ్ఞాపకముండవచ్చును. ఆ రోగులలో ఒక్కడైన ఏ ముఠానాయకుని పేరునైన ఎరుగడు.

దూరమని మీరనుకొనునది దూరముకాదు. 2025 సెప్టెంబరులో మీరా భయందర్ పోలీసులు, అనగా మా ఠాణే జిల్లాకు చెందినవారు, ఒక చిన్న పట్టివేత తీగను లాగుచు పోయి పోయి హైదరాబాదులోని చర్లపల్లి పారిశ్రామికవాడలో మెఫెడ్రోను తయారగు కర్మాగారముపై పడిరి. మరునాడు పత్రికలన్నియు ‘వేలకోట్ల సరకు’ అని, కొత్త సినిమా వసూళ్లను ముద్రించు అక్షరములతోనే ముద్రించినవి. ఆ రసాయనమును మరిగించిన కూలికి గంటకెంత ఇచ్చిరో, ఆ పొగకు వాని ఊపిరితిత్తులేమాయెనో, సీసాలు మోసినవాడు తాను మోయుచున్నదేమో ఎరుగునో లేదో ఎవ్వరును వ్రాయలేదు. తెలుగునేలను వండబడి, ఠాణేలో అమ్ముడుపోయి, నడుమ ఎందరి చేతులో మారిన ఈ సరకు దారి, ఎనిమిదిభాగముల ధారావాహికకు చాలినంత కథ కాదా? దీనికి మెడెయిన్ దాక పోవలసిన పనియేమి?

చట్టము సంగతి కూడ మీ దృష్టికి తేవలసియున్నది, ఏలయన తెరకథలలో అది న్యాయస్థానపు సంభాషణలకు మాత్రమే పనికివచ్చుచున్నది. మత్తుపదార్థములను గూర్చిన 1985నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టము శిక్షను సరకు తూకముతో ముడివేసినది. గంజాయి కిలోలోపున్న అల్పపరిమాణము. ఇరువది కిలోలు దాటిన వాణిజ్యపరిమాణము, పదియేండ్లకు తగ్గని కఠినశిక్ష, లక్షకు తగ్గని జరిమానా, బెయిలు మిక్కిలి దుర్లభము. మెఫెడ్రోనుకు వాణిజ్యపరిమాణము ఏబది గ్రాములు మాత్రమే. న్యాయశాస్త్రకోవిదులకు ఇది సబబుగ తోచునేమో గాని, తూకపురాయి దగ్గర బ్రతికినవానికి ఒక సందేహము కలుగకపోదు. సరకు తూగునది దానిని మోయువాని భుజముమీద. పెట్టుబడి పెట్టినవాని భుజముమీద ఏనాడును ఒక్క గ్రామైనను ఉండదు. మన్యపు కొండలనుండి మూట మోసుకొని దిగివచ్చు గిరిజన యువకుడు తన భుజమున పాతిక కిలోలున్నప్పుడు పట్టుబడిన, చట్టము వానినే పెద్దవర్తకునిగ ఎంచును. కుట్రదారుని, పెట్టుబడిదారుని శిక్షించు సెక్షనులు అదే చట్టమున లేకపోలేదు. కాని ఆ దారిన పోవుటకు ఫోనులెక్కలు, బ్యాంకులెక్కలు వెదకు ఓపిక కావలెను, మూట దొరకుటకు ఒక్క చెక్‌పోస్టు చాలును.

2025 సెప్టెంబరు 5వ తేదీన విడుదలయైన ‘ఘాటి’ చలనచిత్రమున దర్శకుడు క్రిష్ ఈ మోతగాండ్రనే కథకు నడుమ నిలిపినందుకు నేను సంతోషించితిని. చూచుటకు మా వాడనుండి నలుగురము కలిసి పోతిమి. కొండదారుల బరువు, కాలిమడమ క్రింద రాయి, ఇవి కొంతసేపు కనబడినవి. అటుపిమ్మట నాయిక పగ మొదలగుటతో మూట ప్రక్కకు పోయెను. కత్తి వచ్చెను, నెత్తురు వచ్చెను, కూలిరేటు మరల మరుగున పడెను. మా కుర్రవాండ్రు ఈలలు వేసిరి. జాబరు సగములో నిద్రపోయెను. పెద్ద తారలు నటించు పెద్ద ఖర్చు చిత్రమునకు పగ తప్పనిసరియని నాకు తెలియును. ఆ నిర్బంధము ధారావాహికకు లేదు. అందుచేతనే సినిమావారికి కాక ముఖ్యముగ మీకు వ్రాయుచున్నాను.

నేను మీనుండి నీతికథ కోరుట లేదు. ముఠానాయకునికి ఆకర్షణ తగ్గించి వ్రాయుడనియు కోరుట లేదు. ఆకర్షణ లేనివాని వెంట అంతమంది ఎందుకు పోదురు? మా కుర్రవాండ్రు ఎస్కోబార్‌కు కన్నీరు కార్చినందుకు నాకు కోపము లేదు. ఐస్‌క్రీము తినుచు ఒంటరిగ నడచు లావుపాటి మనిషిని అంత చక్కగ చూపినప్పుడు కన్నీరు రాకున్న అది వారి లోపమగును. లిమోన్‌కు కన్నీరు రాకపోవుట మాత్రము వారి లోపము కాదు. వాని బ్రతుకు వారికి చూపబడలేదు. నాకు కావలసినది ఒకే ఒక్క భాగము. అందు సరకు కనుమలలో బయలుదేరి ఠాణే జిల్లాలోని ఏ గోదాములోనో చేరువరకు ప్రతిచేతి వద్దను ఆగవలెను: కోసినవాడు, మూటకట్టినవాడు, దింపినవాడు, కూరగాయల బుట్టలక్రింద దాచి లారీ తోలినవాడు, తాళము తీసియిచ్చిన కాపలాదారు, పొట్లములు కట్టిన బాలుడు. ఒక్కొక్కనికి ముట్టినదెంతో, ముట్టవలసినదెంతో, ఇంట ఎదురుచూచువారెవరో చెప్పవలెను. తుపాకి పేలకపోయినను పరవాలేదు. ఇట్టిది ఎవరు చూతురని మీ నిర్మాత అడిగిన, ‘నార్కోస్’ చివరిభాగము చూచి లెక్క అడిగిన జాబరున్నాడని, నోట్లమంటను చూచి కట్టెలమోపు అడిగిన అవ్వ యున్నదని చెప్పుడు.

ఇందుకు మా ఊరు చూడవలెనని మీకు తోచినచో సంతోషము. వరాలదేవి చెరువు దగ్గర దిగి పద్మనగరమెక్కడ యని ఎవరిని తెలుగున అడిగినను చూపుదురు. కెమెరా తెచ్చుట తరువాత సంగతి. మొదట ఒక రాత్రి బిస్సీలో మాతోపాటు భోజనముచేసి, ఎవరికెంత పగారో అడిగి వ్రాసికొనుడు. ఎవరును సిగ్గుపడక చెప్పుదురు. వచ్చుట మాత్రము వారపు సెలవునాడు రండి. తక్కిన దినములలో సాంచాల మ్రోతకు మీరడిగినది మాకును, మేము చెప్పినది మీకును వినబడదు.

ఇట్లు,
భవదీయుడు,
పద్మనగరవాసి యొకడు,
భివండి